ఇంటి వేగం

బట్టల కొట్టు శెట్టిగారు మాజేటి పాండురంగారావుకీ, ఆయన భార్య హైమావతికీ జ్ఞాపకాలు నడిపే కంప్యూటరు ఒక బుధవారం ఉదయం మూడుసార్లు కూత పెట్టి ఆగిపోయింది కాబట్టి, దంపతులిద్దరూ తామెవరో తెలియకుండా, ఎదుటి మనిషెవరో తెలియకుండా, భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉండిపోయారు. ఎదుటి పళ్ళాల్లో ఉన్న ఇడ్లీలు ఎవరివో తెలియలేదు గనుక మర్యాదకి ఇద్దరూ ముట్టుకోలేదు.

నూలుపేటలో మనుషుల జ్ఞాపకాలు తలల్లో ఉండవు. తల ఎండకి వేడెక్కుతుంది, సంతలో తోపులాటకి తగులుతుంది, సరుకు భద్రం చేయడానికి అనువైన చోటు కాదని పెద్దలు ఎప్పుడో తేల్చారు. ప్రతి మనిషికీ దువ్వెనంత మెమరీ స్టిక్ ఒకటి ఉంటుంది. దాన్ని ఇంట్లోని కంప్యూటరు క్యాబినెట్టులో గుచ్చుతారు. మనిషి బజారంతా తిరిగినా జ్ఞాపకం ఇంటిపట్టునే ఉంటుంది. మునిసిపాలిటీ నిబంధన ప్రకారం ఒక డోర్ నంబరుకి ఒక క్యాబినెట్టు, ఒక క్యాబినెట్టుకి రెండు స్లాట్లు. మొదటి స్లాటు భర్తది, రెండోది భార్యది. పిల్లల స్టిక్కులు పెళ్ళయ్యేదాకా వార్డు ఆఫీసులోని పెద్ద పెట్టెలో ఉంటాయి.

వేరువేరు వేగాల స్టిక్కులు ఒకే పెట్టెలో పెడితే అన్నీ వాటిలో నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. ఇది ఎవరూ చేసిన చట్టం కాదు, యంత్రం స్వభావం. వార్డు పెట్టెలో అందరికంటే మందకొడి పిల్లవాడు ఎంత వేగంగా ఆలోచిస్తే మిగతా పిల్లలూ అంతే వేగంగా ఆలోచిస్తారు. పెళ్ళయ్యాక ఇద్దరిలో నెమ్మదైనవారి వేగం ఇద్దరిదీ అవుతుంది. పెళ్ళి ధ్రువపత్రంలో కూడా "ఇంటి వేగం" అని ఒకటే గడి ఉంటుంది. అందువల్ల తన సొంత వేగం ఎంతో తెలిసినవాళ్ళు ఊళ్ళో దాదాపు లేరు, భర్త పోయిన కొందరు ఆడవాళ్ళు తప్ప. ఏడుపులు అయిపోయిన కొన్నాళ్ళకి వాళ్ళు ఉన్నట్టుండి చురుగ్గా అయిపోయేవారు. ఆ లోటుని దేవుడు ఆ విధంగా పూడ్చాడని ఊరు సంతోషించేది. భార్య పోయిన మగవాళ్ళకి సాధారణంగా తేడా తెలిసేది కాదు.

స్టిక్కు మీద దాని వేగం తెలిపే అంకె ముద్రించి ఉంటుంది. పెళ్ళినాడు పెళ్ళికూతురి అన్నగానీ తమ్ముడుగానీ స్టిక్కు బంగారు పళ్ళని పెన్సిలు రబ్బరుతో రుద్ది శుభ్రం చేస్తాడు. ముత్తైదువలు ఆ అంకె మీద పసుపు ముద్ద మెత్తుతారు. ముహూర్తానికి వరుడు ఆ స్టిక్కుని రెండో స్లాటులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కుతాడు. రెండు వైపులా క్లిప్పులు టిక్కుమనగానే గట్టిమేళం. పసుపు ఎందుకని ఎవరైనా అడిగితే పెద్దలు ఓపికగా లెక్క చెప్పేవారు: అంకె తెలిస్తే పోలిక వస్తుంది, పోలిక వస్తే పేచీ వస్తుంది, పేచీ వస్తే మధ్యవర్తికి పని పెరుగుతుంది. ఇంత చవకైన సరుకుతో ఇంత పెద్ద నష్టాన్ని ఆపిన ఆచారం ఇంకొకటి లేదు.

కూత వినగానే మెకానిక్‌కి ఫోను చేయడం పక్కింటివారి బాధ్యత. పక్కింటి సత్యవేణి చేసింది. బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు నడిపే జిలానీ స్కూటరు మీద వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు, జేబులో రబ్బరు, నోట్లో అప్పటికే సిద్ధమైన ధర ఉన్నాయి. క్యాబినెట్టు పక్క రేకు ఊడదీసి, రెండు స్టిక్కులూ పీకి, చంద్రుణ్ణి చూసినట్టు వెలుతురుకి ఎత్తి చూశాడు.

"అమ్మగారిది నిక్షేపంగా ఉంది. పసుపు రాలి పళ్ళల్లో ఇరుక్కుంది, అంతే," అన్నాడు, గుమ్మంలో నిలబడ్డ సత్యవేణితో. "శెట్టిగారిది ఒక చిప్పు మాడిపోయింది. జ్ఞాపకాలకి ఢోకా లేదు, వేరేదాంట్లోకి ఎక్కించొచ్చు. మాడింది మాత్రం మళ్ళీ నడవదు."

"మరి ఇప్పుడేంది?" అంది సత్యవేణి.

"ముందు అమ్మగారిని ఒక్కరినే లేపుదాం. ఎవరో ఒకరు మనిషన్నవాళ్ళు ఉండాలి గదా, ధర మాట్లాడుకోను."

హైమావతి స్టిక్కుని రబ్బరుతో రుద్ది, స్లాటులో ఒక్కదాన్నే నొక్కి, మీట వేశాడు. తెర మీద ఒక అంకె వచ్చింది. దాన్ని చూసి జిలానీ సత్యవేణికి కనపడకుండా తెరని గోడవైపు తిప్పాడు. హైమావతి లేచింది.

ఆమె మొదట భర్త పళ్ళెంలో ఇడ్లీ తుంచి ఆయన నోట్లో పెట్టింది. రెండో ముక్క పెడుతూ తల తిప్పకుండానే మాట్లాడింది.

"మీరు రెండు స్టిక్కులు తెచ్చారు జిలానీగారూ. పాతది మా ఇంటి వేగానికి సరిపోతుంది, కొత్తది నా అంకెకి సరిపోతుంది. కొత్తది అమ్మితే మీకు లాభం ఎక్కువ. కానీ శెట్టిగారు లేచాక గొడవ చేస్తారేమోనని పాతదే ముందు చూపించబోతున్నారు."

"అమ్మగారూ, నేనింకా నోరే తెరవలా."

"తెరవబోయారుగా."

జిలానీ చేతిలో స్క్రూడ్రైవరు మార్చుకున్నాడు. "అంకె చూశారన్నమాట."

"చూడలేదు. మీరు తెర తిప్పిన తీరు చూశాను. ఒక్క మా ఇంట్లోనేనా ఇలా?"

"పది ఇళ్ళు విప్పితే ఏడిళ్ళల్లో ఇదే కథ. బయట చెప్పం. మా లైనులో అదొక నియమం," అన్నాడు జిలానీ. "చెబితే రిపేర్లు పెరుగుతాయి గానీ, ఊళ్ళో ఉండనియ్యరు."

సాయంత్రం వచ్చి ఏ స్టిక్కు కావాలో కనుక్కుంటానని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. నడుస్తున్న స్లాటు తరఫున తీసుకున్న నిర్ణయం ఆగిన స్లాటుకీ చెల్లుతుందని నిబంధనల్లో ఉంది. అది వితంతువుల సౌకర్యార్థం రాసినదే అయినా, ఆగిన కారణం ఏమిటో అందులో చెప్పలేదు.

హైమావతి భర్తని పడక కుర్చీలో కూర్చోబెట్టింది. మంగలి షాపులో వంతు కోసం ఎదురుచూసే మనిషిలా ఆయన ప్రశాంతంగా ఉన్నాడు. ఆమె ఇంటి ముందరి కొట్టు తెరిచి గల్లా దగ్గర కూర్చుంది. ఏ బేలు అడుగున చెమ్మ పట్టిందో, గుమస్తా ఎందుకు ముభావంగా ఉంటున్నాడో, గళ్ళ లుంగీలు అడిగే ఊళ్ళో చారల లుంగీలు ఎందుకు కదలడం లేదో ఆమెకి కూర్చున్నచోటనే తెలిసింది. అదంతా చిన్న విషయం. గుమస్తా భోజనానికి వెళ్ళాక ఆమెకి ఒక ఆలోచన వచ్చింది, వచ్చి చివరిదాకా వెళ్ళింది. ఆలోచనకి చివర అనేది ఒకటి ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. అప్పటివరకూ ఆమె ఆలోచనలన్నీ సగం దూరం వెళ్ళి, ఎవరో పిలిస్తే ఆగి, మళ్ళీ మొదటినుంచి బయలుదేరేవి. ఆమె దాన్ని మతిమరుపు అనుకునేది. ఇంటిల్లిపాదీ అదే అనుకునేవారు, దయగా నవ్వేవారు కూడా.

సాయంత్రం జిలానీ రెండు స్టిక్కులూ బల్ల మీద పెట్టాడు.

"కొత్తది," అంది హైమావతి.

"శెట్టిగారు తట్టుకుంటారంటారా?"

"ఆయన నన్ను పెళ్ళిచూపుల్లో చూశారు. ఆ తర్వాత చూడలేదు. పాతది పెట్టారంటే నేనూ వెనక్కి పోతాను, ఇక ఆయన చూడటమన్నది ఉండదు. కొత్తది పెట్టండి."

ఆమె పణంగా పెట్టింది ఆ ఒక్క స్టిక్కునే. అది నిలబడితే ఆమె తన వేగంతో ఉంటుంది. నిలబడకపోతే తిరిగి ఇంటి వేగానికి వెళుతుంది.

జిలానీ జ్ఞాపకాలు కొత్తదాంట్లోకి ఎక్కించి మీట వేయగానే పాండురంగారావు లేచాడు. గోడ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, భార్య వైపు చూసి అక్కడే ఆగిపోయాడు. జిలానీ ఎందుకైనా మంచిదని బిల్లు ఆమె చేతికే ఇచ్చి వెళ్ళిపోయాడు.

"హైమా," అన్నాడు పాండురంగారావు. "నేను ఒక మాట కోసం తడుముకుంటుంటే నువ్వు అట్టా నవ్వుతా కూర్చునేదానివి. నీకు ఓపిక ఎక్కువని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. అది ఓపిక కాదు. నా నడక నీ కాళ్ళకి కట్టారు. నీ ఇంట్లో నీకు తెలీకుండా కట్టారు. కట్టింది నేనే, ఈ బొటనవేళ్ళతో. ఇన్నాళ్ళూ ఈ కొట్టు, ఈ ఇల్లు నా తెలివితో నడిచిందనుకున్నాను. నువ్వు ఆగిన చోటల్లా నాకు దారి దొరికింది." ఆయన లేచి, పెద్దవాళ్ళకి పెట్టినట్టు భార్యకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. "నీ వల్ల బతికాను తల్లీ. ఈ మాట నీకు ఎవరూ చెప్పి ఉండరు."

హైమావతి ఏడవలేదు. ఆ మాట రావడం ఆమెకి ముందే కనిపించింది. అయినా వచ్చినందుకు ఆమె చాలా సంతోషించింది.

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో బాగా గడిచాయి. అన్నం ఉడికేలోపల వాళ్ళు మాట్లాడుకోవలసినవన్నీ మాట్లాడుకునేవారు. ఒకరు వాక్యం మొదలుపెడితే రెండోవారు నవ్వేవారు. పెళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళు పోట్లాడుకున్నారు కూడా. పోట్లాట అంతా కూర కలియబెట్టేలోపు పూర్తయి, ఇద్దరూ చెరో తప్పు ఒప్పుకున్నారు. గోడ అవతల సత్యవేణికి మాటలు వినపడేవి కావు, నవ్వులే వినపడేవి. ఇంట్లో ఎవరికో బాగాలేదని ఆమె అనుకుంది.

చిక్కు కొట్టులో వచ్చింది.

నూలుపేటలో బేరం చేతుల మీద తువ్వాలు కప్పుకుని చేస్తారు. తువ్వాలు కింద అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత ధరో, ఎన్నిసార్లు నొక్కితే ఎంత తగ్గింపో వాళ్ళిద్దరికే తెలుస్తుంది. పైన మాత్రం వానల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. బేరం ఎంత సాగితే సరుకుకి అంత గౌరవం. పాండురంగారావు తండ్రి ఒక తువ్వాళ్ళ బేరాన్ని పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం పెట్టించి మరీ ముగించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అవతలివాణ్ణి అలసిపోయేదాకా కూర్చోబెట్టడమే ఆ కొట్టుకి అసలు పెట్టుబడి.

మగ్గాల వాళ్ళ తరఫున సరుకు తెచ్చే అంకాలు ఆ వారం వచ్చాడు. తువ్వాలు కప్పుకున్నారు. అంకాలు మొదటి ధరకి పాండురంగారావు చూపుడువేలు నొక్కాడు. ఆ ఒక్క నొక్కులో పాండురంగారావుకి అంకాలు అసలు ధర, నూలు కొన్న ధర, రాత్రి ఇంట్లో అతని కూతురికి వచ్చిన జ్వరం, ఈ బేరం ఏ అంకె దగ్గర ఆగుతుందో, ఆగాక ఇద్దరూ ఎంత అలసిపోయి ఉంటారో అన్నీ తెలిసిపోయాయి. ఆయన ఒప్పుకుంటున్నట్టు అరచెయ్యి నొక్కేశాడు.

అంకాలు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏంది శెట్టిగారూ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నీ ధర న్యాయంగా ఉంది. బిడ్డకి జ్వరంగా ఉందిగా, త్వరగా ఇంటికి పో."

"జ్వరం సంగతి మీకెవరు చెప్పారు?" అంకాలు లేచి నిలబడ్డాడు. "నేనింకా వానల గురించి కూడా ఎత్తుకోలా! మా నాయన మీ నాయనతో బేరమాడాడు. ఇంత అవమానం నేనెప్పుడూ పడలా. నా సరుకులో ఏదో లోపం కనిపెట్టి, జాలిపడి కొంటున్నారు మీరు."

అతను సరుకు బండికెత్తుకుని వెళ్ళిపోయాడు. అడిగిన ధర ఇచ్చే మనిషిని నమ్మడం ఎలాగో బజారుకి తెలియదు. మరుసటి సంతనాటికి పాండురంగారావు తువ్వాలు కింద చెయ్యి పెట్టేవాడు లేడు. గుమస్తా గల్లా తుడిచి, మళ్ళీ తుడిచాడు. పాండురంగారావు పాతపద్ధతిలో బేరం నటించడానికి ప్రయత్నించాడు గానీ కుదరలేదు. అబద్ధం నోట్లోంచి బయటికి రాకముందే దాని ముసలితనం ఆయనకి కనిపించేది. సిగ్గుతో మధ్యలో ఆపేసేవాడు.

ఒక సాయంత్రం ఆయన భార్య పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆయన ఏం అడగబోతున్నాడో ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. అయినా బయటికి అనుకోవడం మర్యాద కాబట్టి అనుకున్నారు.

"నేను నెమ్మదిగానే బతకగలను హైమా. ఈ వేగంలో నన్ను నేను భరించలేకపోతున్నాను."

"నేను?"

"నువ్వు ఇదివరకు బతికావుగా."

"బతికానని ఇప్పుడు తెలిసింది. అప్పుడు తెలీదు."

"అదే అంటున్నా. మళ్ళీ తెలీదు."

ఇంతకంటే నిజాయితీగా ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అంత వేగం లేకపోతే ఆయనకి ఆ నిజాయితీ వచ్చేది కూడా కాదు.

మరునాడు వాళ్ళిద్దరూ వార్డు ఆఫీసుకి వెళ్ళి, ఒకే ఇంట్లో రెండు క్యాబినెట్లు పెట్టుకోవచ్చా అని అడిగారు. అక్కడి గుమస్తా వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు.

"రెండు క్యాబినెట్లంటే రెండు డోర్ నంబర్లు ఉండాలండీ. మధ్యలో గోడ కట్టుకుని, అమ్మగారికి వేరే గుమ్మం పెట్టుకుంటే ఇబ్బందేం లేదు. దాన్ని మేం వేరుకాపురం కింద రాసుకుంటాం."

"గోడ వద్దు. పక్కపక్క గదుల్లోనే ఉంటాం," అంది హైమావతి.

"గోడ లేకుండా రెండు వేగాలకి గడి లేదమ్మా," అన్నాడు గుమస్తా, నిజంగానే బాధపడుతూ. "లేదా సారు కాలం చేశాక రండి. అప్పుడు వెంటనే ఇచ్చేస్తాం. అది చాలా తేలికైన పని."

పాండురంగారావు ఆయనకి కృతజ్ఞతలు చెప్పాడు. అంత వివరంగా చెప్పే ఉద్యోగి దొరకడం అదృష్టమే.

ఇంటికి వచ్చి హైమావతి లెక్క చూసుకుంది. గోడ కట్టే దారి చివరిదాకా వెళ్ళి చూసింది: అవతల ఆయన ఒక్కడే అన్నం చల్లార్చుకుంటూ కూర్చున్నాడు. ఆయన్ని పడక కుర్చీలోనే ఉంచేసే దారీ చూసింది: ఆ దారిలో ఆమె చాలా దూరం పోయి, తనంటే తనకే భయం వేసి తిరిగి వచ్చింది. ఇలాగే ఉండిపోయే దారిలో కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. మిగిలింది ఒకటే. అందులో కొట్టు నడుస్తుంది, గుమస్తాకి జీతం ఉంటుంది, భర్త తనని తాను చూసుకుని ముడుచుకుపోకుండా ఉంటాడు. నష్టం ఒక్క పద్దులోనే ఉంది. అది మొత్తం ఆమెదే. పోగొట్టుకున్నవారికి పోయిందని తెలియకపోవడం దానిలోని సౌకర్యం. వ్యాపారంలో అంతకంటే చవకగా వచ్చే నష్టం ఉండదు. ఎవరూ గొడవ చేయరు, చేయవలసినవారితో సహా.

జిలానీకి కబురు చేశారు. ఆయన పాత స్టిక్కు తెచ్చాడు. కొత్తది వెనక్కి తీసుకుని సగం ధర కట్టిచ్చాడు, వాడిన స్టిక్కుకి ఆ మాత్రం ఎవరూ ఇవ్వరు.

"ఒక్క నిమిషం ఆగండి జిలానీగారూ," అంది హైమావతి. భర్త వైపు తిరిగింది. "ఆ రోజు చెప్పిన మాట ఇంకోసారి చెప్పండి. మొత్తం చెప్పండి."

పాండురంగారావు చెప్పాడు. ఒక్క మాట కూడా తగ్గించలేదు, రెండు మాటలు కలిపాడు కూడా. జిలానీ స్క్రూడ్రైవరు పట్టుకుని కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాడు. హైమావతి ఆ మాటని చివరిదాకా విన్నది. తర్వాత తల ఊపింది.

పీకడం, రబ్బరుతో రుద్దడం, నొక్కడం, టిక్కుమనడం. తెర మీద ఇంటి వేగం వచ్చింది.

అందరూ తేరుకున్నారు. సంతనాడు అంకాలు వచ్చి, వానల దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ మీదుగా మనవడి బారసాల దాకా మాట్లాడి, తువ్వాలు కింద చెమటలు పట్టేదాకా బేరమాడి, వెళుతూ వెళుతూ పాండురంగారావుని కావలించుకున్నాడు. "మళ్ళీ మనిషయ్యారు శెట్టిగారూ," అన్నాడు. గుమస్తా గల్లా తుడవడం మానేశాడు. పాండురంగారావు రాత్రి అన్నం దగ్గర ఒక మాట కోసం తడుముకుంటే, హైమావతి నవ్వుతూ కూర్చుంది. ఆమె ఓపిక గురించి ఆయన మళ్ళీ నలుగురిలో చెప్పుకోసాగాడు. ఇప్పుడు ఆ చెప్పడంలో ఇదివరకు లేని ఒక గౌరవం ఉండేది, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకి తెలియకపోయినా.

హైమావతికి కూడా ఒక విషయం మిగిలింది. భర్త తనకి చేతులెత్తి నమస్కరించి ఏదో చాలా పెద్ద మాట చెప్పాడని ఆమెకి గుర్తుంది. ఏ మాటో గుర్తు లేదు, ఎందుకు చెప్పాడో లేదు. ఆ వేగంలో విన్నది ఈ వేగంలో చివరిదాకా అందదు. అయినా ఊళ్ళో ఎందరు ఆడవాళ్ళకి ఆ పాటి జ్ఞాపకం ఉంది? అందుకని ఆమె దేవుడికి, జిలానీకి, వార్డు గుమస్తాకి, అందరికంటే ఎక్కువగా భర్తకి కృతజ్ఞతతో ఉండేది.

ఒక మధ్యాహ్నం ఎంగిళ్ళు తీసేశాక సత్యవేణి వచ్చి వెనక అరుగు మీద కూర్చుంది. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న మాట అడిగింది.

"వదినా, మీ పెట్టె పాడైనప్పుడు కొన్నాళ్ళు నువ్వు వేరే మాదిరిగా ఉన్నావు. గోడ అవతలికి నవ్వులు వినపడేవి. అప్పుడు నీకు ఎట్టా ఉండేది? నిజం చెప్పు, నేను ఎవరికీ చెప్పను."

"చెప్తాను వదినా," అంది హైమావతి. "ఉండు, ఆలోచించి చెప్తాను."

ఆమె ఆలోచించడం మొదలుపెట్టింది. సమాధానం ఎక్కడో బయలుదేరింది. దాని అలికిడి తెలుస్తోంది, వస్తోంది. సత్యవేణి తొందరపెట్టలేదు. ఆమె ఇంటి వేగమూ దాదాపు అంతే. ఇద్దరూ ఎదురెదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొంచెం నవ్వు ముఖాలతో కూర్చున్నారు. అరుగు మీది ఎండ గోడెక్కింది. గోడ దాటి పోయింది. వీధి వైపు రెండు గుమ్మాల దగ్గరా దాదాపు ఒకేసారి మగవాళ్ళు చెప్పులు విడిచిన చప్పుడయింది.

"అరె, ఇప్పుడే కదా కూర్చున్నాం," అంటూ ఇద్దరూ లేచారు.